నంబరు గుడ్డ

మూడోరోజు మధ్యాహ్నం రెండింటికి నూకరాజు నా డేరా దగ్గరికి వచ్చాడు. మాడుగుల కొండల్లో నాలుగు రోజుల పరుగుపందెం అది. నా డేరా దాటితే పాతిక కిలోమీటర్లు మనిషి జాడ ఉండదు. ఫోను పనిచెయ్యదు.

గంజీ, బెల్లం ముక్కలూ పంచడం నా పని. నిలబడలేనివాడి గుండెల మీద నంబరు గుడ్డ తీసెయ్యడం కూడా. తీస్తే వాడి పందెం అయిపోయినట్టే.

నూకరాజు నా బావమరిది. నాలుగేళ్లుగా మాటల్లేవు. వాళ్లక్క రాజశ్రీకి గుండె పట్టేస్తే, "ఏటీ కాదు, గేసు. పొద్దున్నెల్దాం" అన్నది వీడే. పొద్దుటికి నా భార్య లేదు. వీడి మాట విన్నవాణ్ణి నేను.

"ఏటి బావా, ఇంకా సావలేదా?" అని నవ్వాడు. మాట ముద్దగా వచ్చింది.

"సేతులు సూపించు."

వేళ్లు ఉబ్బి ఉంగరం కండలో దిగిపోయింది.

"ఉప్పుగంజి తాగేవా?"

"గంజేటి బావా, సిటీవోళ్లు నవ్వుతారు. నీళ్లే. పన్నెండు సీసాలు."

తుమ్మపాలలో మా బెల్లం పొయ్యి దగ్గర చెరకుపిప్పి ఎగదోసేవాళ్లకి వట్టి నీళ్లు ఇవ్వం. చెమటంతా కారాక నీళ్లే తాగితే ముందు చేతులు ఉబ్బుతాయి, తర్వాత మతి తప్పుతుంది. ఒకడు మళ్లీ లేవలేదు. వీడూ ఆ పొయ్యి దగ్గర పెరిగినవాడే.

"ఇయ్యాల ఏ వారం?" అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు. "రేపు అక్క వత్తాదా, నన్ను సూడ్డానికి?"

కత్తెర తీశాను.

"కొయ్యకు బావా! రెండేళ్లు పందెం మద్దిలో దిగిపోయేను. ఊరంతా నవ్వేరు. కాళ్లట్టుకుంటాను. నీరసం అంతే. ఏటీ కాదు."

బనీనుతో సహా కోసేశాను. చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బలో బలం లేదు. సీసా లాక్కుని, కూచోబెట్టి, వాకీటాకీలో జీపుని పిలిచాను. జీపు ఎక్కించేటప్పటికి కళ్లు తేలేసి గిలగిలా కొట్టుకుంటున్నాడు.

ఇంకో గంట కొండల్లో ఉంటే దక్కేవాడు కాదని అనకాపల్లి ఆసుపత్రిలో డాక్టరమ్మ నాతో అంది. వాడితో నేను చెప్పలేదు.

ఐదోరోజు ఫోను చేశాడు. గొంతు బాగానే ఉంది.

"అక్క గురించి పగ తీర్సుకున్నావు కదా?"

"అవున్రా" అని పెట్టేశాను.