నాలుగు బోల్టుల డబ్బా

వెర్లిన్ కుడి తలుపును రెండు చేతులా ఎత్తి, గ్యారేజీ నేల మీద సుద్దతో గీసిన గీతల మధ్య పడుకోబెట్టాడు. తలుపు అడుగున అరచేయంత మేర తుప్పు తినేసింది. వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. జేబులోంచి పెన్సిలు తీసి, అట్టముక్క మీద ఒక అంకె వేసుకుని, ఎడమ తలుపు కోసం వెళ్ళాడు.

విప్పేసిన కారుకు వెల కట్టడంలో అతని పద్ధతి అదొక్కటే. నేల మీద కారంత బొమ్మ గీసి, దేని చోట దాన్ని పెట్టుకుంటూ పోతాడు. చివరికి ఖాళీగా మిగిలిన చోట్లే ధర చెబుతాయి. లైమా ఊరి శివార్లలో పాత కార్ల యార్డులో ముప్పై నాలుగేళ్ళుగా సామాన్లు ఊడదీస్తున్న మనిషి. అరవై రెండేళ్ళుంటాయి. పొట్టి చేతులు, ఎంత తోమినా గోళ్ళ చుట్టూ పోని నలుపు, ఎడమ బొటనవేలికి సగమే గోరు. భార్య గ్లాడిస్ పోయి మూడేళ్ళయింది. ఆవిడ పోయిన మర్నాడు కూడా ఏడింటికల్లా యార్డుకొచ్చి రేడియేటర్ విప్పాడని ఊళ్ళో చెప్పుకున్నారు. నిజమే. ఇంకేం చేయాలో అతనికి తోచలేదు మరి.

ఈ కారూ, ఈ గ్యారేజీ అతని పాత స్నేహితుడు డెల్బర్ట్‌వి. కారు పందొమ్మిది వందల అరవై తొమ్మిది నాటి పాంటియాక్ జీటీఓ. ఒకప్పుడు అది వీధిలోకి వస్తే కిటికీ అద్దాలు గలగలమనేవి. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, ఒక్క చలికాలంలో కొత్తది చేసేద్దామని డెల్బర్ట్ దాన్ని బోల్టు బోల్టూ విప్పాడు. ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు, పిల్లల పళ్ళకు క్లిప్పులు, నడుం నొప్పి, అదీ ఇదీ అయ్యేసరికి బిగించే చలికాలం రానేలేదు. ఇప్పుడతను ముందు గదిలో, ఆసుపత్రి వాళ్ళు వేసి వెళ్ళిన మంచం మీద ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు. ఇంకెన్ని రోజులో చెప్పడం నర్సు మానేసింది.

టోలీడో నుంచి వచ్చిన బేరగాడు తొమ్మిది వేల డాలర్లన్నాడు. డెల్బర్ట్ ఒప్పుకోలేదు. వెర్లిన్ చెప్పిందే ధర అన్నాడు. వెర్లిన్ కొందామనే వచ్చాడు. తన పడవ అమ్మిన డబ్బు కోటు లోపలి జేబులో ఉంది. కొనేవాడూ తనే, వెల చెప్పేవాడూ తనే.

డెల్బర్ట్ భార్య లవోన్ కాఫీ, గుడ్డు పెట్టిన బ్రెడ్డు పట్టుకొచ్చి, నేల మీద పరుచుకున్న కారును చూసి నిలబడిపోయింది.

"ఇన్నేళ్ళూ ఈ చెత్తంతా కలిపితే ఒక కారవుతుందని నేను నమ్మలేదు, వెర్లిన్."

"కారే."

"బట్టలుతికే మిషను దగ్గరకి పోవాలంటే బంపరు మీంచి దూకాలి నేను. ఒకేడు పెళ్ళిరోజుకి ఏం కావాలే అనడిగితే, ఆ బంపరు జరుపు చాలన్నాను."

"జరిపాడా?"

"ఆఁ, జరిపాడు. ఫ్రిజ్ ముందుకి."

లోపలి నుంచి సన్నటి గొంతు వచ్చింది. "ఏరా, తుప్పునాయాలా! ఎంతవరకొచ్చింది?"

"నోరు మూసుకుని పడుకో. ఇంజనొక్కటే మిగిలింది."

"తక్కువ చేసి చెప్పావో, లేచొచ్చి తంతా."

"రా మరి, చూద్దాం."

నవ్వు దగ్గులోకి తిరిగింది. లవోన్ లోపలికి పరుగెత్తింది.

ఇంజన్ స్టాండు మీద ఉంది. వెర్లిన్ ఇనప కుంచెతో గీకి, దీపం వేసి నంబరు చూశాడు. కారుతో పుట్టిన ఇంజనే. దాని పైభాగాన కార్బురేటర్ ఉండవలసిన చోట మురికి గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద ఏమీ ఉండదని అతనికి ముందే తెలుసు.

తొంభై ఏడులో, ఒక ఆదివారం కార్ల పందెం కోసం తన కారుకు దాన్ని అరువు పట్టుకెళ్ళింది తనే. ఆ తర్వాతి నెల చేతిలో పైసా లేక కారు అమ్మాడు. కార్బురేటర్ దాంతోపాటే పోయింది. తెచ్చి అరలో పెట్టేశానని డెల్బర్ట్‌తో అన్నాడు. సరే అన్నాడు డెల్బర్ట్. అంతే, మళ్ళీ అడగలేదు.

అట్టముక్క మీద లెక్క సూటిగానే ఉంది. బిగించి రంగు వేస్తే కారు యాభై వేలు పలుకుతుంది. రేకు పని, రంగు, ఇంజన్ కలిపి ముప్పై ఎనిమిది వేలు. మిగిలేది పన్నెండు. లేని చిల్లర సామాన్లకు నాలుగు వందలు కొట్టేశాడు. సరైన నంబరున్న కార్బురేటర్ ఇప్పుడు పన్నెండు వందలకు తక్కువ దొరకదు. ఖాళీ చోటు ఖాళీ చోటే. పెన్సిలు మొన అట్ట మీద ఆనించి ఆగాడు.

చివరి అరలో కాఫీ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద కాగితపు టేపు, డెల్బర్ట్ నలుపలకల అక్షరాలు. కొసనున్నది తీసి ఊపితే గలగలమంది. టేపు పసుప్పచ్చగా మారింది. "కార్బురేటర్ బోల్టులు. రెండు పొడుగు, రెండు పొట్టి. కార్బురేటర్ వెర్లిన్ దగ్గర. 1997."

వెర్లిన్ రెండుసార్లు చదివాడు. డబ్బాను నేల మీది బొమ్మలో, కార్బురేటర్ చోట పెట్టాడు. మిగిలిన బ్రెడ్డు తినేశాడు. రుచి తెలియలేదు. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

"పదకొండు వేల ఆరు వందలు," అన్నాడు.

డెల్బర్ట్ పైకప్పు చూస్తూనే అడిగాడు. "కార్బురేటర్‌కి ఎంత తగ్గించావు?"

"తగ్గించలేదు."

"అది లేదుగా."

"అమ్మేశాన్రా. నా కారుతో పోయింది."

"తెలుసు. కొన్నవాడే చూపించాడు నాకు. భలే లాగుతోందని మురిసిపోయాడు."

"మరి అడగలేదే?"

డెల్బర్ట్ ఊపిరి కూడదీసుకున్నాడు. "అడిగితే నువ్విటు రావడం మానేసేవాడివి."

వెర్లిన్ కోటులోంచి డబ్బు తీశాడు. లెక్కపెట్టి మందుల బల్ల మీద పెట్టాడు. డెల్బర్ట్ కళ్ళు మూసుకుని, "తలుపులు ముందెక్కించు, గీతలు పడతాయి," అన్నాడు.

తలుపులు తన ట్రక్కులోకి ఎక్కించాడు. బంపర్లు, సీట్లు, అరలోని మిగతా డబ్బాలు ఎక్కించాడు. ఇంజన్‌కి గొలుసు తగిలిస్తుండగా లవోన్ పిలిచింది, గట్టిగా కాదు, రెండుసార్లు. అతను వెళ్ళేసరికి ఆవిడ భర్త చెయ్యి పట్టుకుని కూర్చుంది. డెల్బర్ట్ ఛాతీ కదలడం లేదు. ఆక్సిజన్ మిషను ఒక్కటే బుసబుసమంటోంది. వెర్లిన్ వంగి దాన్ని ఆపాడు. నర్సుకు ఫోన్ చేశాడు. లవోన్‌కి మంచినీళ్ళు ఇచ్చాడు. నర్సు వచ్చాక ఇంకేం చేయాలో తోచక, మళ్ళీ గ్యారేజీలోకి వెళ్ళి ఇంజన్ ఎక్కించాడు.

ట్రక్కు మలుపు తిరిగేసరికి పొద్దు వాలింది. గ్యారేజీ నేల మీద కారంత సుద్దగీత, దాని మధ్యన, రాసిన వైపు ఇంట్లోకి వెళ్ళే తలుపుకేసి తిరిగి ఉన్న ఒక కాఫీ డబ్బా.