లోపలికి తెరుచుకునే గేటు

మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే సత్తవ్వ కుడికాలు ముడుచుకుంది. దిలీప్ పాలపాకెట్లతో పైకొచ్చి ఆ ఖాళీలోంచి లోపలికి వెళ్లాడు. అతను దాటీ దాటగానే కాలు మళ్లీ బారుగా చాపింది. పగిలిన మడమ అవతలి గోడకు ఆనింది.

"గేటు బాగా పనిచేస్తోంది అవ్వా," అన్నాడు దిలీప్. ఎనిమిది నెలలుగా రోజూ అనే మాటే. సత్తవ్వ రోజూ నవ్వినట్టే నవ్వింది.

నిజామాబాద్‌లో ఆ మేడ కట్టిన మేస్త్రీకి పిల్లలున్నట్టు లేదు. వీధిలోంచి ఇరవై ఒక్క నున్నటి మెట్లు ఎక్కితే నేరుగా హాల్లోకి వచ్చేస్తాం, మధ్యలో తలుపన్నది లేదు. పై మెట్టు దగ్గర, రెండు గోడల మధ్య సందు మూడడుగులు. ఆ సందులో సత్తవ్వ ఒక పొట్టి పీట వేసుకుని, వీపు ఒక గోడకు ఆనించి, కాలు రెండో గోడ దాకా చాపుకుని కూర్చుంటుంది. దిలీప్ కూతురు, ఏడాదీ నాలుగు నెలల వర్ష ఇల్లంతా తిరిగి తిరిగి చివరికి అక్కడికే వస్తుంది. సత్తవ్వ మోకాలి మీద అరచేత్తో కొట్టి, "అవ్వా, తీ" అంటుంది.

"తియ్య పో," అంటుంది సత్తవ్వ. ఇద్దరికీ అదొక ఆట.

సత్తవ్వది రుద్రూర్. ఆమెకు పదేళ్లప్పుడు, చెరుకు కొట్టే ఆడవాళ్లు పసిపిల్లలను గట్టు మీద ఆమెకు అప్పగించి మడిలోకి దిగేవారు. గట్టు పక్కనే కాలువ. పిల్లలకూ నీళ్లకూ నడుమ కాలు చాపుకుని కూర్చోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. తర్వాత పెళ్లయింది, మొగుడు రామస్వామితో తానూ కత్తి పట్టి చెరుకు కొట్టింది. విరిగిన బండి చెక్కతో ఈ పీట చేసిచ్చింది అతనే. అతను పోయాక, బిడ్డకు పెళ్లి చేసి టౌనుకొచ్చి, ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకుంది. వాళ్లలో ఒకడు ఇంజనీరయ్యాడని, ఒకమ్మాయికి పెళ్లయిందని ఎవరో చెప్పగా విన్నది. వాళ్లెవరికీ ఆమె గుర్తు లేదు. పిల్లలకు మనుషులు గుర్తుండే వయసు వచ్చేసరికి సత్తవ్వ పని అయిపోతుంది.

ఇరవై రోజుల కింద కాలు తిమ్మిరెక్కింది. వర్ష ఆ కాలిమీదుగా పాకి ఒక మెట్టు దిగింది కూడా. రెండో మెట్టుకు పోకముందే సత్తవ్వ గౌను పట్టుకుని వెనక్కి లాగింది. అప్పుడు ఇంట్లో ఇంకెవరూ లేరు. సాయంత్రం పిల్ల తల్లి హైమ బ్యాంకు నుంచి రాగానే పై మెట్టు మీదే ఆపి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. చెప్పకపోతే మెట్లకు నిజం గేటు పెట్టించాలన్న మాటే వచ్చేది కాదు.

దిలీప్ తల్లి ఉదయలక్ష్మి బోధన్‌లో ఉంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పిల్ల వెనక పరుగెత్తలేనని ఇన్నాళ్లూ రాలేదు. గేటు మాట వినగానే ఫోన్‌లో తేల్చి చెప్పింది. "నిక్షేపంలాంటి గేటు పెట్టించండి, వచ్చి మనవరాల్ని నేనే చూసుకుంటాను. లేదంటే ఆ సత్తవ్వనే ఉంచుకోండి." స్పీకర్ పెట్టి ఉంది కాబట్టి సత్తవ్వ కూడా విన్నది. మంచి గేటు వస్తే తాను ఇంటికి పోవాలి. రాకపోతే ఉంటుంది.

ఇవాళ రెండో శనివారం, హైమకు సెలవు. నిన్న పార్శిల్‌లో వచ్చిన గేటును దిలీప్ టీ తాగి బిగించడం మొదలుపెట్టాడు. తెల్లగా, ముచ్చటగా ఉంది. గోడకు రంధ్రం కూడా పెట్టక్కర్లేదు. నాలుగు మూలలా ఉన్న మరలు తిప్పితే రెండు గోడల మధ్య బిర్రుగా కూర్చుంటుంది. హైమ ఫోటో తీసింది. సత్తవ్వ పీట పక్కకు జరుపుకుని, గేటును కింది నుంచి పైదాకా చూసింది. తలుపు తెరిచినా నేలకు ఆనుకుని ఒక అడ్డకమ్మీ ఉండిపోతోంది, రెండు వేళ్ల ఎత్తున.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకుంది. ఆ మోకాళ్లావిడ వస్తుంది, రెండుసార్లు ఆ కమ్మీకి తన్నుకుంటుంది, మూడో రోజు బోధన్ బస్సెక్కుతుంది. పీట మళ్లీ తన చోటికి వస్తుంది. ఆ ఆలోచన సత్తవ్వకు నచ్చింది. నచ్చలేదని అబద్ధం చెప్పే మనిషి కాదు ఆమె.

దిలీప్ వర్షను చంకనేసుకుని, గేటు తెరిచి, ఎలా ఉందో చూపిద్దామని అడుగు వేశాడు. బొటనవేలు కమ్మీకి తగిలింది. తూలి గోడ పట్టుకున్నాడు. పిల్ల అదేదో ఆటనుకుని కిలకిలా నవ్వింది.

"సారూ," అంది సత్తవ్వ. "మెట్ల మీద యాడన్న గడప ఉంటదా?"

"గడపేంటి అవ్వా?"

"గిది గడప గాదా మరి? గుమ్మంల గడప తన్నుకుంటే ఇంట్ల పడుతం. గీడ తన్నుకుంటే రోడ్డు మీద తేలుతం. సంకల పిల్ల ఉంటే ఇద్దరు. అమ్మగారి మోకాళ్లు దీన్ని దాటయి."

హైమ గేటు వైపు, మొగుడి బొటనవేలు వైపు చూసింది. "మరి దీన్నేం చేద్దాం?"

"వంటింటి కాడ పెట్టుండ్రి. ఆడ పడ్డా నేలే కద."

కూర్చున్న కొమ్మను నరుక్కునే వాళ్లుంటారు. సత్తవ్వ కూర్చున్న పీటనే నరుక్కుంది. తర్వాత చాలాసేపు తనను తాను తిట్టుకుంది కూడా.

పది గంటలకు అందరూ బోధన్ రోడ్డులో రాజశేఖర్ గ్రిల్ షాపుకు వెళ్లారు. రాజశేఖర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, తయారుగా ఉన్న గేటొకటి చూపించాడు. నడుమ నెమలి, నెమలి చుట్టూ లతలు, అటూ ఇటూ అడ్డకమ్మీలు. హైమకు నెమలి నచ్చింది. సత్తవ్వ వర్షను ఆ గేటు ముందు దించింది. వర్ష కింది కమ్మీ మీద ఒక కాలు పెట్టింది, నెమలి తోక మీద రెండోది పెట్టింది. దిలీప్ అయ్యయ్యో అనేసరికి గేటు పైఅంచు పట్టుకుని అటువైపుకు తొంగి చూస్తోంది.

"గిది గేటు గాదు, నిచ్చెన," అంది సత్తవ్వ. "నడుమ అడ్డం కమ్మీ ఒక్కటి ఉండొద్దు. అన్ని నిలువుగనే పెట్టు బిడ్డా."

"నిలువు కమ్మీలే పెడితే సూడనీకి జైలు లెక్క ఉంటదవ్వా," అన్నాడు రాజశేఖర్. తన నెమలిని కాదన్నందుకు అతనికి నిజంగానే మనసు నొచ్చింది.

"ఉండనియ్. లోపట దొంగ ఉన్నది కద."

కమ్మీల మధ్య సందు ఎంతుండాలని అతను టేపు తీశాడు. సత్తవ్వ టేపును చూడలేదు. ఒక కిటికీ గ్రిల్ సందులో మూడు వేళ్లు పెట్టింది, అవి పట్టాయి. నాలుగోది పెట్టబోతే ఆగింది. "గింతే. తల పట్టిందంటే ఒళ్లు జారుతది, మెడ ఇరుకుతది," అంది. రాజశేఖర్ ఆ సందును కొలిచి సుద్దముక్కతో నేల మీద రాసుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి గేటు వచ్చింది. సాదా గేటు, నడుమెత్తున. కింద కమ్మీ గేటుకే అతుక్కుని ఉంది, తెరిస్తే దాంతోపాటే కదులుతుంది, నేల మీద ఏమీ మిగలదు. గోడలకు రంధ్రాలు వేసేటప్పుడు సత్తవ్వ తల ఆనీ ఆనీ పడిన నూనెమరక మీద సిమెంటు పొడి రాలింది.

"గేటు మెట్ల దిక్కు తెరిస్తే హాల్ల జాగ కలిసొస్తది," అన్నాడు రాజశేఖర్.

"అదే బాగుంటుంది కదూ," అన్నాడు దిలీప్.

సత్తవ్వ పీట లాక్కుని ఎప్పటి చోట కూర్చుంది, కాలు చాపింది. "సారూ, మీరు మెట్లెక్కి వచ్చిండ్రు అనుకోండ్రి. ఇగో." కాలు మోకాలి దగ్గర ముడిచి హాలు వైపుకు లాక్కుంది. "ఎన్నడన్న నా కాలు మెట్ల దిక్కు పోయిందా? అటు తెరిస్తే, ఎక్కొచ్చే మనిషిని గేటే కిందికి నూకుతది. పిల్ల దాని మీద ఒరిగిందంటే గేటుతోటే పోతది. లోపటికే తెరవాలె. గొళ్లెం మెట్ల దిక్కు, పైకి పెట్టు."

ఇంకోసారి కాలు చాపింది, ముడిచింది. రాజశేఖర్ తల వంచి ఆ కాలు తిరిగే తీరు చూశాడు. తర్వాత గేటు తిరిగే కబ్జాలు అదే వైపు తెరుచుకునేలా బిగించాడు.

హైమ వీడియో కాల్‌లో అత్తగారికి గేటు చూపించింది. ఉదయలక్ష్మి తెరిపించి చూసింది, మూయించి చూసింది, వంక దొరకలేదు. "ఇంత ఆలోచించి పెట్టించింది ఎవరు?" అంది.

"సత్తవ్వ."

ఉదయలక్ష్మి ఇంకోసారి గేటు మూయించి చూసింది. "సరే. పొద్దున్న బస్సుకి వస్తున్నానని వాడికి చెప్పు," అంది చివరికి.

ఐదింటికి సత్తవ్వ సంచి సర్దుకుంది. హైమ కొత్త చీర చేతిలో పెట్టింది, "అప్పుడప్పుడూ వస్తూ ఉండవ్వా," అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి సత్తవ్వే సర్దిచెప్పాల్సి వచ్చింది.

"రుద్రూర్ యాడనో లేదు హైమమ్మా. నా బిడ్డ రమ్మనే అంటున్నది."

"పీట ఇక్కడే ఉంచవ్వా, అత్తయ్య కూర్చుంటారు."

"వద్దు. గేటు కాడ పీట ఉన్నదంటే దొంగకు మెట్టయితది."

పీట చంకలో పెట్టుకుని, గేటు దాటి, గొళ్లెం వేసింది. రెండుసార్లు గట్టిగా ఊపి చూసింది. కదల్లేదు. ఒక మెట్టు దిగింది. హాల్లోంచి వర్ష దబదబా పరుగెత్తుకొచ్చి కమ్మీలు పట్టుకుంది. అరచేత్తో గేటును కొట్టింది.

"అవ్వా, తీ," అంది.

పిల్ల పిలిచింది తననో, గేటునో సత్తవ్వకు తెలియలేదు. ఏడుపొచ్చింది. "తియ్య పో," అందామనుకుని, పీటను చంకలోకి ఎగదోసుకుంది. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. పైనుంచి ఆ దెబ్బలు, ఆ పిలుపు వీధి గుమ్మం దాకా వినిపించాయి. గేటు మాత్రం తెరుచుకోలేదు.

కింద చెప్పులు తొడుక్కుని పీట వైపు చూసింది. శనివారం సాయంత్రం బస్సులో నిలబడటానికే చోటుండదు. బిడ్డ ఇంట్లో పిల్లలంతా బడికి పోయే వాళ్లే. మెట్ల కింద, వర్ష పాకి రాలేని చోట, చెప్పుల పక్కన పీటను దించి, సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయింది.

మరునాడు ఉదయలక్ష్మి బస్సు దిగి వచ్చి, చెప్పులు విప్పడానికి ఆ పీట మీద కూర్చోబోయింది. అది ఒక పక్కకు ఒరిగింది. ఎన్నో ఏళ్లుగా కుడికాలు చాపుకుని కూర్చున్న మనిషి బరువంతా మోసి, దాని ఎడమ వైపు కాళ్లు రెండూ వేలెడంత అరిగిపోయి ఉన్నాయి.