ఎడమ కాలి పట్టీ

స్టూడియోలో ఆమె పని మొహాలు బాగుచేయడం. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్ల మొటిమలు, చెంప మీది దోమకాటు, రాత్రి నిద్రలేక వచ్చిన నలుపు అన్నీ కంప్యూటర్‌లో చెరిపేస్తుంది. చెరిపినట్టు కన్నతల్లి కూడా కనిపెట్టలేదు. అందుకే వీధి వీధంతా ఆమెని టచప్ అక్క అంటారు. తన కళ్ల కింద నలుపుని మాత్రం ఆమె ఏమీ చేయలేదు. ఎవరైనా ఎత్తిచూపితే, "అది నా సొంతం, దాని జోలికి రాకండి" అంటుంది.

ఆదివారం వస్తే ఈ మొహాలన్నీ మర్చిపోతుంది. తెల్లారేసరికి ఏరు సముద్రంలో కలిసేచోట, బురదమేట అంచున, బైనాక్యులర్ పట్టుకుని కూర్చుంటుంది. పక్కన స్టూడియో యజమాని ఉంటాడు. ఆయన కెమెరాకి చెయ్యంత పొడుగు లెన్సు ఉండడంతో అందరికీ లెన్సు బాబాయ్ అయిపోయాడు. పిట్టల ఫొటోలంటే ఆయనకి ప్రాణం. ఆయనకి అందమైన ఫొటో ఒకటి దొరికితే చాలు, ఆ వారమంతా అన్నం సహిస్తుంది. ఆమెకి కావలసింది ఒకే ఒక్క పిట్ట. అది కనిపించక ఆరేళ్లయింది.

ఆరేళ్ల కిందట ఆమె అన్నయ్య పిట్టలకి పట్టీలు తొడిగే బృందంలో ఉండేవాడు. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఉల్లంకి పిట్టల్ని వలవేసి పట్టేవాళ్లు. గుప్పెడంత ఉంటాయి, సన్నటి ముక్కు, పుల్లల్లాంటి కాళ్లు. తూకం వేసి, కాలికి నారింజరంగు ప్లాస్టిక్ పట్టీ తొడిగి, పుస్తకంలో రాసుకుని వదిలేసేవాళ్లు. పట్టీ మీద రెండక్షరాలూ ఒక అంకె ఉంటాయి. మళ్లీ ఎవరికైనా ఎక్కడైనా కనిపిస్తే ఫొటో తీసి, ఈ పట్టీల లెక్క చూసే ఆఫీసుకి పంపాలి. ఆ పిట్ట లెక్కలో 'బతికి ఉంది' అని ఒక వరుస చేరుతుంది.

ఈ ఒడ్డున పట్టీ ఎప్పుడూ కుడికాలికే. అన్నయ్యది ఎడమచేతి వాటం. చివరి రోజు చివరి పిట్టని చెల్లెలి గుప్పిట్లో పెట్టి, "గట్టిగా పట్టుకోకే తల్లీ, దానికి ఊపిరాడొద్దూ" అంటూ మాటల్లో పడి ఎడమకాలికి తొడిగేశాడు. పట్టీ చివర్లు జిగురుతో అంటించాక తీయడం కుదరదు, కాలు విరుగుతుంది. బృందం పెద్దాయన విసుక్కున్నాడు. "ఏ కాలో రాయకుండా వదిలెయ్యవయ్యా, ఎవడు చూడొచ్చాడు" అన్నాడు. అన్నయ్య విన్లేదు. ఎడమ, నా పొరపాటు అని రాసి కింద సంతకం పెట్టాడు.

మరుసటి వేసవిలో అన్నయ్య పోయాడు. బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె అన్నారు.

ఆయన చెయ్యి తగిలినవన్నీ ఇంట్లో ఎక్కడివక్కడే ఉన్నాయి. దువ్వెన, గొడుగు, సగం వాడిన సబ్బు. వాటిలో కదిలేది ఒక్కటీ లేదు. ఆ పిట్ట ఒక్కటే ఇంకా ఎక్కడో తిరుగుతూ ఉండాలి, బతికుంటే. అందుకే ప్రతి ఆదివారం వేల కాళ్లు చూసి, కళ్లు కాయలు కాచి, ఉసూరుమంటూ ఇంటికొస్తుంది. బాబాయ్‌తో కూడా ఈ సంగతి చెప్పలేదు. ఇన్ని వేల పిట్టల్లో ఒక్క పిట్ట కోసం వస్తున్నానంటే నవ్వడూ?

ఇంట్లో ఆమె, వదిన, ఇద్దరే. వదిన మందుల షాపులో పనిచేస్తుంది. ఒడ్డుకి ఒక్కసారి కూడా రాలేదు. "ఆడపిల్లలకి పెట్టినట్టు పిట్టలకి పట్టీలేంటో! మీ అన్నాచెల్లెళ్లకి మతి లేదు" అనేది అప్పట్లో. ఇప్పుడు ఆదివారం సాయంత్రం గుమ్మంలో నిలబడి, "బురద కాళ్లతో లోపలికి రాకు" అని మాత్రం అంటుంది.

ఆ బుధవారం లెన్సు బాబాయ్ పెద్ద ఫ్రేమొకటి చంకన పెట్టుకుని, కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతూ స్టూడియోకి వచ్చాడు.

"ఎగ్జిబిషన్‌కి పంపుతున్నా. టచప్ కూడా నేనే చేసుకున్నానమ్మోయ్! నీ ఉద్యోగం ఊడింది. చూసి మార్కులెయ్యి."

తడి ఇసుక మీద ఉల్లంకి పిట్ట ఒంటికాలి మీద నిలబడి ఉంది. పొద్దుటి ఎండ దాని పొట్ట మీద పడుతోంది. నిజంగానే బావుంది. బావుందనబోయి ఆమె ఆగిపోయింది. ఇసుకలో చిన్న గవ్వముక్క, దాని పక్కన రెండు నల్లటి రేణువులు. అంగుళం అవతల మళ్లీ అదే గవ్వముక్క, అవే రెండు రేణువులు. ఒకచోటి ఇసుక తీసి ఇంకోచోట కప్పితేనే అలా వస్తుంది. రోజూ ఆమె చేసే పనే అది.

"బాబాయ్, కాలి దగ్గర ఏం చెరిపారు?"

"అప్పుడే దొరికిపోయానా! ఏముందమ్మా, పట్టీ. పట్టీ ఉంటే జనం పెంపుడు పిట్ట అనుకుంటారు. ఫొటో విలువే పోతుంది. మావాళ్లందరూ చెరిపేస్తారు."

"ఏ రంగు?"

"నారింజ."

అప్పటికే ఆమె కళ్లు పిట్ట కాలి మీద ఉన్నాయి. కుడికాలు పొట్టలోకి ముడుచుకుని ఉంది. నిలబడింది ఎడమకాలి మీద.

"అసలు ఫొటో ఏది?"

బాబాయ్ నీళ్లు నమిలాడు. "దాని మీదే సేవ్ చేసేశా. కార్డు కూడా ఖాళీ చేసేశా. ఏమైందమ్మా?"

"ఎప్పుడు తీశారు?"

"మొన్న ఆదివారం కాక అంతకుముందుది. నువ్వు పక్కనే ఉన్నావుగా? చెప్పు విప్పి ఇసుక దులుపుకుంటున్నావు."

అప్పుడు చెప్పింది. ఆరేళ్లుగా చెప్పనిదంతా నిలబడే చెప్పేసింది. బాబాయ్ కస్టమర్ల స్టూలు మీద కూలబడి, చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రుమాలు తీసి గొంతు తగ్గించి అన్నాడు.

"పట్టీ మళ్లీ పెట్టెయ్యమ్మా. అక్షరాలు నీకు తెలుసు. నీ చెయ్యి పడితే ఆ దేవుడు కూడా కనిపెట్టలేడు. ఆఫీసుకి పంపేద్దాం. నిజంగా వచ్చిన పిట్టే కదా, అబద్ధం ఎలా అవుతుంది?"

ఆమె కూర్చుంది. పావుగంట పట్టింది. నారింజరంగు, ఎండ పడినవైపు కాస్త లేతగా, రెండక్షరాలు, ఒక అంకె. స్క్రీను మీద అన్నయ్య పిట్ట నిలబడింది. ఇన్నేళ్లూ చూడాలని తపించింది దీన్నే. చూస్తున్నకొద్దీ ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది తను గీసిన పట్టీ. అన్నయ్య తొడిగింది కాదు. సేవ్ చేయకుండా మూసేసింది. బాబాయ్ ఫొటోని ఉన్నదున్నట్టు ఆఫీసుకి పంపి, ఎడమకాలికి పట్టీ ఉందనీ, దాన్ని తామే చెరిపేశామనీ రాసింది.

మర్నాడు సాయంత్రానికే జవాబొచ్చింది. పట్టీ కనిపించని ఫొటోని లెక్కలోకి తీసుకోలేమట. మీ శ్రద్ధకు ధన్యవాదాలట.

ఇంటికెళ్లేసరికి వదిన వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఆమె గుమ్మానికి ఆనుకుని ఉన్నదంతా చెప్పింది. వదిన వెనక్కి తిరగలేదు.

"ఎడమకాలికా?" అంది గిన్నె తోముతూనే. "నాకెప్పుడూ చెప్పలేదే ఈ సంగతి." అని ఫక్కున నవ్వింది. "ఆ మహానుభావుడు మన బాత్‌రూమ్ తలుపుకి గొళ్లెం కూడా తిరగేసే బిగించాడు. ఇప్పటికీ వచ్చినవాళ్లు లోపల ఇరుక్కుని కేకలేస్తారు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆమెకి ఏడుపొచ్చేసింది.

"పది అడుగుల దూరంలో ఉంది వదినా. నేను తలెత్తలేదు. చెప్పు దులుపుకుంటూ కూర్చున్నా. ఆరేళ్లు చూసి చూసి, వచ్చిన రోజున చూడలేదు."

"నువ్వు చూడకపోతే ఏం? అది నిన్ను చూసే ఉంటుంది."

వదిన కుళాయి కట్టేసి, తడిచేతులు చీరకొంగుకి తుడుచుకుంది. అప్పటికి గాని ఇటు తిరగలేదు. వదిన కళ్లు కూడా ఎర్రబడి ఉన్నాయి.

"నిన్నైనా చూసింది" అంది. "నన్ను చూళ్లేదుగా."