డాక్టరమ్మ పక్కన చోటు

డాక్టరు చదువులో చేరేవాళ్ళు ముందుగా ఒక డాక్టరు పక్కన నెల రోజులు నిలబడి చూసి రావాలని షరతు పెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ, ఆయన ఖమ్మంలో ఒక నర్సింగ్‌హోం గేటు ముందు ఏనాడూ నిలబడి ఉండడు. సరిత నిలబడింది. వైరా రోడ్డులో కనబడిన ప్రతి గేటు ముందూ నిలబడింది. కాళ్ళు నొప్పి పుట్టకముందే ఆ పిల్లకు ఒళ్ళు మండింది.

సరిత తండ్రి చందర్ మణుగూరు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. కూతురికి నీట్‌లో మంచి ర్యాంకే వచ్చింది, సీటు దొరికేట్టే ఉంది. ఫీజులూ హాస్టలూ మోసే తాహతే ఇంట్లో లేదు. వరంగల్లో ఒక ట్రస్టు ఉంది, అది ఆ ఖర్చంతా భరిస్తుంది. తెల్లకోటు మోజులో చేరి, రక్తం చూడగానే పారిపోయి వచ్చిన పిల్లలతో విసిగిపోయి ఆ ట్రస్టువాళ్ళు ఈ షరతు పెట్టారు. డాక్టరు పని దగ్గరుండి చూడాలి, చూసినట్టు ఆ డాక్టరు లెటర్ రాసివ్వాలి, లెటర్ లేనివాళ్ళను ఇంటర్వ్యూకు పిలవరు. న్యాయంగానే ఉంది, ఎక్కడికెళ్ళినా తలుపులు తెరుచుకునే ఇళ్ళలో పుట్టినవాళ్ళకు.

ఒక చోట వాచ్‌మన్ పేషెంటువా, మెడికల్ రెప్పువా అని అడిగి, రెండూ కాదంటే మూడో రకాన్ని లోపలికి పంపనన్నాడు. ఇంకో చోట రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి రేపు రమ్మంది, రేపు వెళితే మళ్ళీ రేపు రమ్మంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, ఇక్కడ అసలు దేవుడి ముఖం కనబడితేగా. ఎలాగో ఒక పెద్ద డాక్టరు గదిలోకి దూరితే, ఆయన తల ఎత్తకుండానే ఎవరి తాలూకు అని అడిగాడు. ఎవరి తాలూకూ కాదంది. అయితే ఎందుకొచ్చావన్నాడు. తల్లాడ దాకా వెళితే అక్కడి డాక్టరు, కాలేజీలో చేరాక రామ్మా చూద్దాం అన్నాడు. చేరడానికే కదా ఇదంతా అని చెప్పేలోపు తర్వాతి పేషెంటు కోసం బెల్లు కొట్టాడు.

కోచింగ్‌లో సరితతో పాటు చదివిన నాగచైతన్యకు ఈ తిప్పలేవీ లేవు. వాడు బూర్గంపాడు బసవపున్నయ్య కొడుకు. రెండు తరాల కింద కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం, మిరపతోటలూ పురుగుమందుల ఏజెన్సీ ఉన్నాయి. వాడూ అదే ట్రస్టుకు అప్లై చేస్తున్నాడు. అంత ఉన్నవాళ్ళకు ట్రస్టు ఎందుకని అడగకూడదు, ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకాలు లోకంలో తక్కువేం లేరు. లెటర్ సంగతి అడిగితే వాడు నవ్వి, నాన్న ఫోన్ చేస్తే భద్రాచలంలో నిర్మలాదేవి మేడం రాసిస్తుంది, నేను వెళ్ళక్కర్లేదు కూడా అన్నాడు. మనసులో కల్మషం లేని పిల్లవాడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. కల్మషం ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక ఆధారం దొరికేది.

ఆ మంటతోనే సరిత మర్నాడు భద్రాచలం బస్సెక్కింది. నిర్మలాదేవి నర్సింగ్‌హోంలో ఆ రోజు ఓపీ గది ముందు పెద్ద గొడవగా ఉంది. అడవి లోపలి నుంచి వచ్చిన కోయ ఆడమనిషి ఏదో చెబుతోంది, నర్సులకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. సరితకు అర్థమైంది. మణుగూరు క్వార్టర్ల వెనక కోయగూడెం పిల్లలతో ఆడి పెరిగిన పిల్ల, ఆ భాష ఆమెకు అమ్మ నేర్పిన తెలుగంత సులువు. మూడు రోజులుగా కడుపులో బిడ్డ కదలడం లేదంటోందని సరిత తలుపు దగ్గర నుంచే చెప్పింది. నిర్మలాదేవి తల ఎత్తి చూసింది. కోయ వచ్చా అని అడిగింది, వచ్చంటే రేపటి నుంచి నా పక్కన నిలబడు, నెలయ్యాక లెటర్ ఇస్తానంది. ర్యాంకు ఎంతని అడగలేదు, డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావని అడగలేదు. సరితకు కష్టమనిపించినా మింగేసింది. చోటు దొరికింది, అంతే చాలనుకుంది.

ఆ నెలలో సరిత చాలా చూసింది. అబద్ధం ఎందుకు చెప్పుకోవాలి, నిర్మలాదేవి మంచి డాక్టరు. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పేది, సరిత చెయ్యి కూడా పట్టుకుని అక్కడ పెట్టించేది. చేతుల్లో తొందర ఉండేది కాదు. సరిత ఆమెలా కావాలనుకుంది. అలా అనుకున్నందుకే తర్వాత అంత కోపం వచ్చింది.

సరిత చేరి నెల నిండే రోజున బసవపున్నయ్య కూతురు నాగలతకు ఆపరేషన్ పెట్టారు. నాగలతకు నొప్పులు లేవు, తొందరేమీ లేదు. పంతులు ముహూర్తం పెట్టాడు. పదకొండు లోపల బిడ్డ బయట పడితే రాజయోగమట, కలెక్టర్ అవుతాడట. ఈ కాలంలో బిడ్డలు తమంతట తాము పుట్టడం మానేసి చాలా రోజులైంది, పంచాంగం చూసి కోసి తీస్తున్నారు. బసవపున్నయ్య వరండాలో గోడ గడియారం కింద కుర్చీ వేయించుకుని, పంతులును ఫోన్లో పెట్టుకుని కూర్చున్నాడు. మత్తుమందు ఇచ్చే రామకృష్ణ సారు ఆ ఒక్క పని కోసమే కొత్తగూడెం నుంచి వచ్చాడు. నర్సింగ్‌హోంలో థియేటర్ ఒక్కటే, బల్ల ఒక్కటే.

సరిగ్గా అప్పుడే దేవే అనే నిండు చూలాలైన కోయ అమ్మాయిని తెచ్చారు. రాష్ట్ర సరిహద్దు అవతలి గూడెం నుంచి మంచం మీద మోసుకుని రోడ్డెక్కించి, అక్కడి నుంచి ఆటోలో పడేసుకొచ్చారు. మొగుడు ఐతా ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి ఉన్నాడు. నిన్నటి నుంచి నొప్పులు. నిర్మలాదేవి చూసింది. ఉమ్మనీరు పచ్చబడింది, బిడ్డ గుండె చప్పుడు పడిపోతోంది, వెంటనే కొయ్యాలి అంది. అని, గడియారం వైపు చూసింది.

"థియేటర్ కడుగుతున్నారు, అరగంట పడుతుందని వాళ్ళ భాషలో చెప్పు" అంది సరితతో.

సరిత ఐతా వైపు తిరిగింది. నెల రోజులుగా డాక్టరమ్మ ఏది చెబితే అది కోయలోకి మోసింది. ఐతా ఆమె నోటి వైపే చూస్తున్నాడు, ఆ ఊరిలో అతనికి అర్థమయ్యే నోరు అదొక్కటే. మళ్ళీ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"అరగంట ఆగొచ్చా మేడం?" అని అడిగింది.

"ఆగకూడదు. కానీ బల్ల మీద మనిషి ఉంది. చెప్పమన్నది చెప్పు."

బల్ల మీద మనిషికి నొప్పులు లేవని ఆ గదిలో అందరికీ తెలుసు. సరితకు ఒక్కసారిగా కోపం నెత్తికెక్కింది. రేపటితో అప్లికేషన్ గడువు ఆఖరు, లెటర్ ఈ సాయంత్రం రావాలి, ఈ నోరు ఇంకొక్క అరగంట మూసుకుంటే చాలు. ఇవన్నీ గుర్తున్నాయి. గుర్తుండగానే స్వింగ్ డోర్ తోసుకుని థియేటర్లోకి నడిచింది. రామకృష్ణ సారు ఫోన్ చూసుకుంటున్నాడు. నాగలత ఆకుపచ్చ బట్ట కప్పుకుని పడుకుని ఉంది.

"అక్కా, బయట ఒకామె బిడ్డ గుండె ఆగేటట్టున్నది. బల్ల ఒక్కటే ఉంది. నీకు నొప్పుల్లేవు" అంది సరిత.

నాగలత బయట దేవే పెడుతున్న కేకలు అప్పటికే వింది. నర్సును అడిగితే మామూలేనని చెప్పిందట. ఆమె దేవత కాదు, రాత్రి నుంచి ఆకలితో, భయంతో ఉన్న మనిషి. అయినా నిండు కడుపుతో ఉన్నవాళ్ళకు ఆ మాట ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సరిత భుజం పట్టుకుని లేచి బల్ల దిగింది.

"ముందు ఆ అమ్మాయిని తీసుకురండి. నేను బయట కూర్చుంటాను" అంది.

కూతురు నడిచి రావడం చూసి బసవపున్నయ్య కుర్చీలోంచి లేచాడు. సంగతి తెలిశాక సరిత మీదికి వచ్చాడు. ఎవరి పిల్లవే నువ్వు, మా ఇంటి శుభంలో వేలు పెట్టడానికి నీకెంత ధైర్యం అన్నాడు. డంపర్ చందర్ బిడ్డనని చెప్పింది. ఆ తర్వాత ఆయన అన్న మాటలు ఇక్కడ రాసేవి కావు. నాగలత మాత్రం, కాసేపు ఊరుకో నాన్నా అంది. బల్ల ఖాళీ అయింది, నిర్మలాదేవి దేవేను ఎక్కించింది.

సరిత దేవే తల దగ్గర నిలబడి, ఇప్పుడు సూది, ఇప్పుడు చల్లగా తగులుతుంది, నొప్పి ఉండదు అని ఒక్కొక్కటే కోయలో చెబుతూ ఉంది. బిడ్డ వాడిపోయిన తోటకూర కాడలా బయటికి వచ్చాడు. ఏడవలేదు. నిర్మలాదేవి వాడి గొంతు శుభ్రం చేసి, వీపు రుద్దింది, మళ్ళీ రుద్దింది. అప్పుడు ఏడ్చాడు. ఇంకొంచెం ఆలస్యమైతే చెయ్యడానికేమీ ఉండేది కాదని రామకృష్ణ సారు నర్సుతో మెల్లగా అన్నాడు. పదకొండు ఇంకా కాలేదు. పంతులు లెక్కకు కలెక్టర్ కావలసిన ఘడియలో ఐతా కొడుకు పుట్టాడు.

నాగలత సంగతంటారా? పంతులు ఫోన్లోనే మధ్యాహ్నానికి ఇంకో ముహూర్తం చెప్పాడు. ఇది దానికంటే బలమైనదట. ఆ వేళకు ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం, బసవపున్నయ్య స్వీట్లు పంచాడు. సరిత మిఠాయి ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి మార్చుకోగలిగిన ముహూర్తం కోసమా ఆ పసివాడిని చంపబోయారు అన్న ఒక్క మాట ఆమె గొంతులో ఎముకలా ఇరుక్కుంది.

సాయంత్రం లెటర్ కోసం గదిలోకి వెళ్ళేసరికి నాగచైతన్య అప్పటికే అక్కడ ఉన్నాడు. నెల రోజులు శ్రద్ధగా పక్కన నిలబడ్డాడని అతనికి లెటర్ రాసిచ్చింది నిర్మలాదేవి. అతను సరిత వైపు చూడలేక తల దించుకుని వెళ్ళిపోయాడు. తన లెటర్ మాటెత్తితే, నిర్మలాదేవి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నా పక్కన నిలబడి చూడమన్నాను. నాకు ఎదురు నిలబడమన్నానా?" అంది.

అంతే. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, నెల రోజుల చాకిరీ ఆ ఒక్క మాటతో అయిపోయింది. బస్సులో మణుగూరు దాకా సరిత ఏడ్చింది. దిగులుతో కాదు. అక్కడే ఆ బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్ విసిరి కొట్టనందుకు.

మర్నాడు పొద్దున్నే నర్సింగ్‌హోం కాంపౌండర్ బాలకృష్ణ ఫోన్ చేశాడు. కోయ ముసలమ్మ వచ్చింది, ఏం చెప్తున్నదో తెలుస్తలేదు, మేడం జల్దీ రమ్మంటున్నదన్నాడు. సరిత ఫోన్ పగలగొట్టబోయింది. డ్యూటీకి బయలుదేరుతున్న చందర్ ఆ ఫోన్ చేతిలోంచి తీసుకుని, కూతురిని కూర్చోబెట్టాడు.

"పో బిడ్డా. లెటర్ చేతుల పడ్డంకనే నోరు తెరువు. వాళ్ళకు నీతోని పనున్నది, నీకు లెటర్‌తోని పనున్నది. దీంట్ల తప్పేంది?" అన్నాడు.

తప్పేమీ కనబడలేదు. బస్సు గోదావరి వంతెన దాటేదాకా అదే మాట మననం చేసుకుంది. ముందు లెటర్, తర్వాత మాట. ఓపీ గదిలోకి అదే మాటతో అడుగుపెట్టింది. నిర్మలాదేవి ఏమీ జరగనట్టే కుర్చీ చూపించింది. ముసలమ్మ స్టూలు మీద ముడుచుకుని కూర్చుని, సరితను చూడగానే రెండు చేతులూ చాచింది. ఎవరో ఈ పిల్లకు తన మాట వస్తుందని చెప్పినట్టున్నారు.

సరిత నోరు మూసుకుని నిలబడింది. ముసలమ్మ దవడ నుంచి ఎడమ మోచేతి దాకా రుద్దుకుంటోంది, ముఖం మీద చెమట కారుతోంది. లెటర్ రాసేదాకా ఈమె ఇలాగే కూర్చోవాలన్నమాట. అంటే నిన్న దేవేను కూర్చోబెట్టడానికి ముహూర్తం, ఇవాళ ఈమెను కూర్చోబెట్టడానికి తన లెటర్. ఈ లెక్కలోకి తననూ లాగినందుకు సరితకు ఆ గదిలో ఉన్న ప్రతి వస్తువు మీదా కోపం వచ్చింది, నోరు తెరవకుండా నిలబడ్డ తన మీద అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది.

ముసలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎక్కడ నొప్పి అవ్వా అని కోయలో అడిగింది.

అవ్వ చెప్పింది. సరిత ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పింది. గుండె నొప్పి లక్షణాలేనని నిర్మలాదేవి ఈసీజీ పెట్టించింది, మాత్రలు నమిలించింది, గుండె డాక్టరున్న దవాఖానాకు పంపడానికి అంబులెన్సుకు ఫోన్ చేయించింది. అవన్నీ అయ్యాక కాగితాల్లోంచి తల ఎత్తకుండా, రేపు కూడా రా, లెటర్ సంగతి తర్వాత చూద్దాం అంది.

"రేపు రాను మేడం" అంది సరిత. "అప్లికేషన్ ఇయ్యాల్నే ఆఖరు. లెటర్ లేకుండనే పంపుత. మీ పక్కన నిలబడి నేనేం చూసిన్నో నేనే రాస్త. మీ చేతుల పని రాస్త, ఎంత మంచిగ చేస్తరో రాస్త. నిన్న పదకొండు లోపల ఏమైందో అది కూడ రాస్త."

నిర్మలాదేవి కాగితాలు పక్కకు నెట్టింది. తర్వాత సొరుగు లాగి లెటర్‌ప్యాడ్ బయటికి తీసి, కూర్చో అంది. సరిత కూర్చోలేదు. అవ్వకు చెప్పులు తొడిగి, ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, బయట ఆగిన అంబులెన్సు వైపు తోసుకుపోయింది.