పద్దెనిమిదేళ్ల నాటి కొత్త పెట్టె

బెజవాడ ఏలూరు రోడ్డులో సాంబమూర్తి బ్యాటరీ షాపు బోర్డు మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు ఆయన పేరువి కావు, "స్థాపితం 1958" అన్నవి. ఎదురు వరసలో ఇంకో బ్యాటరీ షాపు ఉంది. దాని బోర్డు మీద 1961 అని ఉండేది. ఆ మూడేళ్ల తేడా మీదే సాంబమూర్తి పరువంతా నిలబడి ఉంది కాబట్టి ఏటా ఉగాదికి ఆ నాలుగంకెలకీ కొత్త రంగు వేయించేవాడు. మిగతా అక్షరాలు వెలిసిపోయినా ఆయనకు పట్టేది కాదు.

ఆ షాపులో చౌడేశ్వరి పని చేసేది. పెడన నేతగాళ్ల పిల్ల, ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. సర్టిఫికెట్టు పట్టుకుని ఎక్కడికి వెళ్లినా "స్తంభాలెక్కగలవా అమ్మాయ్?" అని అడిగేవాళ్లు. ఎక్కగలనంటే నవ్వి పంపించేసేవాళ్లు. చివరికి 1973లో తల్లి భద్రమ్మ తనకు వరసకు మరిది అయ్యే సాంబమూర్తి దగ్గర చేర్పించింది. "ఇంటి పిల్ల, మన షాపే అనుకోమనండి వదినా" అన్నాడాయన. మన షాపే కాబట్టి పొద్దున్నే ఊడ్చేదీ, బ్యాటరీల్లో యాసిడ్ పోసేదీ, ఇంగ్లీషు ఉత్తరాలు టైపు కొట్టేదీ కూడా ఆమే అయింది.

సాంబమూర్తి లెక్కలో చార్జింగ్ అంటే పెళ్లి వడ్డన. పొద్దున కరెంటు తగిలిస్తే సాయంత్రం దాకా అదే జోరు. చాలు అనడానికి బ్యాటరీకి నోరు లేదు, చెయ్యి అడ్డం పెట్టడానికి చెయ్యీ లేదు. లోపల యాసిడ్ కుతకుతా ఉడికి మూతల్లోంచి పొంగుతుంటే "బాగా పట్టింది" అని సంతోషించేవాడు. ఆర్నెల్లకి ప్లేట్లు చెడి బ్యాటరీ చస్తే మాత్రం "మీ లారీ డైనమో మంచిది కాదండీ" అనేవాడు.

ఏడాది పాటు ఈ వడ్డన చూశాక చౌడేశ్వరి ఒక పెట్టె తయారు చేసింది. పాత రేడియో డొక్కు, నాలుగు రిలేలు, ఒక గడియారం మోటారు. ఆ పెట్టె పది నిమిషాలు కరెంటు పెట్టి, టక్కుమని ఆపుతుంది. ఆపినప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎంత తొందరగా దిగుతోందో చూసుకుంటుంది. దాన్నిబట్టి తర్వాతి పది నిమిషాలకి ఎంత పెట్టాలో తేల్చుకుంటుంది. విస్తరి వంక చూసి వడ్డించడం, అంతే. బెజవాడలో అంతవరకూ ఎవరికీ తట్టని సంగతి అదొక్కటే.

లారీల రామకోటేశ్వరరావు బ్యాటరీ దాని మీద పెడితే ఎప్పుడూ లేనంత బాగా నడిచింది. "సాంబమూర్తీ, దీనికి పేటెంటు తీసుకోవయ్యా. లేకపోతే ఎదురు షాపోడు చేసేసుకుంటాడు" అన్నాడాయన. పేటెంటంటే ఏమిటో సాంబమూర్తికి తెలియదు. ఎదురు షాపు అన్న మాట చాలింది.

మద్రాసు పేటెంటు ఆఫీసు నుంచి ఫారాలు వచ్చాయి. వివరం రాసింది చౌడేశ్వరి, బొమ్మలు గీసింది చౌడేశ్వరి, టైపు కొడుతున్నదీ చౌడేశ్వరే. "నిజమైన తొలి ఆవిష్కర్త" అన్న గడి దగ్గర వేళ్లు ఆగాయి.

"నా పేరు కొట్టు" అన్నాడు సాంబమూర్తి, వక్కపొడి నోట్లో వేసుకుంటూ.

"చేసింది నేను గదా బాబాయ్."

"చేసింది నువ్వే, కాదన్లేదు. ఎవరి షాపులో చేశావ్? ఎవరి కరెంటు మీద చేశావ్? ఇంటి పిల్లవి, నీ పేరుంటే ఏంటి, నా పేరుంటే ఏంటి?"

"ఏ తేడా లేనప్పుడు నా పేరే ఉండనీ మరి."

"ఇదిగో, నీతో వచ్చిన చిక్కే ఇది. చదువొచ్చింది గానీ మాట తీరు రాలేదమ్మాయ్."

ఆమె ఆయన పేరే కొట్టింది. ఆ కాగితం రేపు ఏం చేయగలదో అప్పటికి ఆమెకూ సరిగ్గా తెలియదు. దరఖాస్తు 1974 జూన్‌లో పోస్టులో పడింది. మంచి రోజు చూసే వేశారు.

రెండేళ్లు కావస్తుండగా మద్రాసు ఆఫీసులో దరఖాస్తులు పరీక్షించే ఎగ్జామినర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇందులో కొత్తదనం ఏమిటి, బయటి దేశాల్లో వచ్చిన ఫలానా పద్ధతికీ దీనికీ తేడా ఏమిటి అని ఆరు అభ్యంతరాలు.

"అభ్యంతరం అంటే అర్థం నీకు తెలీదులే. బుట్టెడు నూజివీడు రసాలు అడుగుతున్నాడు పాపం" అన్నాడు సాంబమూర్తి.

చౌడేశ్వరి గవర్నరుపేట లైబ్రరీలో కూర్చుని పేటెంటు చట్టం మొదటి పేజీ నుంచి చదివి, ఆరింటికీ నాలుగు పేజీల జవాబు రాసింది. ఆ చదువులో ఆమెకు రెండు సంగతులు తెలిశాయి. పేటెంటు ఎవరి పేర వస్తే వాళ్లు ఒప్పుకుంటే తప్ప ఇంకెవరూ ఆ వస్తువు చేయకూడదు. రెండోది, దరఖాస్తు పెట్టేనాటికి అది కొత్తదై ఉండాలి. అంతకుముందే నలుగురి ఎదుటా వాడుకలో ఉంటే పేటెంటు రాదు.

మొదటి సంగతి వారం తిరక్కుండానే మెడకు చుట్టుకుంది. నాగాయలంక నుంచి బంగార్రాజు అనే పడవల ఆసామి మోటారు బ్యాటరీలు మోసుకుని బెజవాడ దాకా వచ్చేవాడు. "మావైపు షాపులన్నీ ఉడకేసి ఇచ్చేయేనమ్మా. సముద్రం మీదికి పోయాక మోటారు తిరక్కపోతే ఎవర్ని పిలవాలి? నువ్వు చల్లపల్లిలో ఓ షాపు పెట్టు. మా పడవలోళ్లందరం నీకాడికే వస్తాం" అన్నాడు. ఆ మాట ఆమె బుర్రలోంచి పోలేదు. సాంబమూర్తిని అడిగింది.

"చల్లపల్లిలో చిన్న షాపు పెట్టుకుంటాను బాబాయ్. నాలుగు పెట్టెలు చేసుకుంటా."

"పేటెంటు రానీ. వచ్చాక నా సంతకం లేకుండా ఆ పెట్టెకి స్క్రూ బిగించావంటే కోర్టుకీడుస్తా. మా వదిన కూతురివైనా సరే."

"నేను చేసిన పెట్టెకా?"

"కాగితం మీద ఎవరు చేశారో చూసుకో. నువ్వే గదా టైపు కొట్టావ్."

ఆ మధ్యాహ్నమే ఆమె ఒక ఇన్‌లాండ్ లెటరు కొని మద్రాసుకు రాసింది. పెట్టె చేసింది నేను, ఆవిష్కర్తగా నా పేరు ఉండాలి. నాలుగే వాక్యాలు. ఆఫీసు వాళ్లు దాని నకలు సాంబమూర్తికి పంపి, ఇద్దరూ సాక్ష్యాలతో విచారణకు రండి అన్నారు.

సాంబమూర్తి ఎగిరెగిరి పడ్డాడు గానీ ఆమెను పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే మద్రాసు ఉత్తరం చదివి చెప్పేవాళ్లు లేరు. ప్లీడరు గుమాస్తా వెంకటప్పయ్యను పిలిపించి, ఆమె ఎదురుగానే ఆమె సంగతి ఎలా తేల్చాలో మాట్లాడుకున్నారు.

"అమ్మాయి చేరింది డెబ్బై మూడులో గదండీ" అన్నాడు వెంకటప్పయ్య. "అంతకుముందు నుంచే మీరీ పద్ధతి చేస్తున్నారని పెద్దమనుషుల చేత ప్రమాణపత్రాలు రాయిద్దాం. దెబ్బకి నోరు పడిపోద్ది. డెబ్బై రెండు నుంచి అని వేద్దామా?"

సాంబమూర్తి మొహం చిన్నబోయింది. "డెబ్బై రెండేంటయ్యా, నిన్నా మొన్నా! బోర్డు చూళ్లేదూ? యాభై ఎనిమిది వెయ్యి."

"వేద్దాం. చాటుగా చేశారంటారేమో మరి."

"చాటుగా ఎందుకు చేస్తాం, దొంగసరుకా? 'మా కళ్లముందే, రోడ్డున పోయేవాళ్లందరూ చూస్తుండగా' అని వెయ్యి."

పన్నెండు మంది పెద్దమనుషులు తేలారు. లారీల రామకోటేశ్వరరావు, మైకుసెట్ల సొలొమోను, ఇంకా వాళ్లలాంటివాళ్లే పదిమంది. టైపు కొట్టే పని ఎప్పటిలాగే ఇంటి పిల్లకే పడింది. "నడుమ ఆపి, బ్యాటరీని చూసి, కరెంటు తగ్గించే ఈ పద్ధతినే సాంబమూర్తి గారు 1958 నుంచి మా కళ్లముందే..." మూడో పత్రం దగ్గర చౌడేశ్వరికి లైబ్రరీలో చదివిన రెండో సంగతి గుర్తొచ్చింది. చేతులు తీసేసి కూర్చుంది.

ఊరుకోవచ్చు. ఊరుకోబుద్ధి కాలేదు. అబద్ధమైతే అయింది, ఆ పెట్టె పాతదని తన చేత్తో కొట్టాలంటే ఒళ్లు మండింది.

"బాబాయ్, ఇవి పంపితే మొత్తానికే మోసం వస్తుంది. పాతదంటే పేటెంటు ఇవ్వరు."

"పాతదంటే ఇవ్వరా?" సాంబమూర్తి గుమాస్తా వంక చూసి కన్ను గీటాడు. "విన్నావా వెంకటప్పయ్యా? బజార్లో నిన్న పెట్టిన కొట్టుకి విలువా, ముప్పైయేళ్ల కొట్టుకి విలువా?"

"ముప్పైయేళ్ల దానికేనండీ. చిన్నపిల్లనడిగినా చెబుద్ది."

"చట్టంలో ఉంది బాబాయ్. పేజీ చూపిస్తాను."

"భయపడి చెప్పే మాటలమ్మా ఇవి. నువ్వు టైపు కొట్టు."

ఆమె కొట్టింది. పన్నెండు పత్రాలు, ఒక్క తప్పు లేకుండా.

1976 మేలో ఇద్దరూ ఒకే రైలు పెట్టెలో కూర్చుని మద్రాసు వెళ్లారు. రైళ్లు టైముకి నడుస్తున్న రోజులవి. ఎందుకు నడుస్తున్నాయో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవాళ్లు కాదు. సెంట్రల్‌లో దిగాక సాంబమూర్తి ఫైలు మోసింది ఆయన మీద ఫిర్యాదు చేసిన మనిషే. మామిడిపళ్ల బుట్ట కూడా ఆమే మోసింది.

ఎగ్జామినర్ నెల్లూరువాడు. బక్కపల్చటి మనిషి, సన్నటి గొంతు. బుట్టను వరండాలోనే పెట్టించి, పత్రాలు ఒక్కొక్కటే చదివాడు. చదివే కొద్దీ మొహంలో ఆశ్చర్యం పెరిగింది.

"సాంబమూర్తి గారూ, ఇవి మీరే దాఖలు చేస్తున్నారు గదా? మీ తరఫునే?"

"నా తరఫునేనండీ!"

"యాభై ఎనిమిది నుంచీ ఇదే పద్ధతి. మార్పేం లేదు?"

"వెంట్రుకవాసి మార్పు లేదండి."

"పబ్లిగ్గానే?"

"రోడ్డు మీద షాపండీ బాబూ. బస్సు కోసం నుంచున్నోడు కూడా చూసి పోయేవాడు."

"ఎంతమంది చూసుంటారు?"

"బెజవాడ మొత్తం అనుకోండి."

ఎగ్జామినర్ రాసుకున్నాడు. తర్వాత చౌడేశ్వరి వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

"అది అబద్ధమండీ. పెట్టె కొత్తదే. డెబ్బై నాలుగులో నేను చేశాను. అంతకుముందు ఆ షాపులో బ్యాటరీ చూసి కరెంటు తగ్గించిన రోజు ఒక్కటీ లేదు."

"చూశారా, చూశారా!" సాంబమూర్తి లేచి నిలబడ్డాడు. "కొత్తదంట! నా ముందే కొత్తదంటోంది! నా పద్దెనిమిదేళ్ల పెట్టెని!"

ఆ గదిలో పెట్టె కొత్తదని వాదించింది ఆమె ఒక్కతే. దాని మీద హక్కు కావాలని వచ్చిన మనిషి అది పాతదని బల్ల గుద్ది చెబుతున్నాడు. ఎగ్జామినర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీ మాటకి సాక్షులున్నారా అమ్మా?" అన్నాడు.

"పెట్టె ఉందండి."

"పెట్టె మాట్లాడదు. ఇక్కడ పన్నెండు మంది ప్రమాణం చేసి మాట్లాడారు." ఆ మాట అని పత్రాలు మళ్లీ తిరగేశాడు. "టైపింగ్ మటుకు చాలా శుభ్రంగా ఉంది. ఎవరు చేశారు?"

"నేనేనండి" అంది చౌడేశ్వరి.

నెలన్నరకి రిజిస్టరు పోస్టులో ఉత్తర్వు వచ్చింది. సాంబమూర్తి ఆమె చేతికిచ్చి, "చదివి తెలుగులో చెప్పు" అన్నాడు. షాపులో అప్పుడు రామకోటేశ్వరరావు కూడా ఉన్నాడు. ఆమె చదివింది: ఈ పద్ధతి 1958 నుంచి విజయవాడలో సాంబమూర్తి గారి షాపులో అందరికీ తెలిసేలా వాడుకలో ఉన్నట్టు దరఖాస్తుదారే రుజువు చేసినందున...

"ఆగు!" సాంబమూర్తి కళ్లు మెరిశాయి. "యాభై ఎనిమిది అని ఉందా? గవర్నమెంటే రాసిందా?"

"రాసింది బాబాయ్. తర్వాతి వాక్యం..."

"తర్వాతిది తర్వాత. ఏవండీ రామకోటేశ్వరరావు గారూ, విన్నారా? సీలు కూడా ఉంది!"

తర్వాతి వాక్యం దరఖాస్తు తిరస్కరించినట్టు. అది రెండుసార్లు చదివి చెప్పింది. ఆయన తల ఊపాడు గానీ మనసు సీలు మీదే ఉంది. సాయంత్రానికల్లా ఉత్తర్వుకి ఫ్రేము కట్టించి, ఎదురు షాపువాడికి కనిపించేలా గుమ్మంలోనే వేలాడదీయించాడు. అది ఇంగ్లీషులో ఉంది కాబట్టి వచ్చినవాళ్లందరూ అంకె చూసి, సీలు చూసి, నమస్కారం పెట్టినంత పని చేసేవాళ్లు.

పై నెలలో చౌడేశ్వరి చల్లపల్లిలో షాపు పెట్టింది. ఆ కబురు విని సాంబమూర్తి వెంకటప్పయ్యను పిలిపించి మరీ ఫ్రేము తీయించి చదివించాడు, ఏ ముక్కతోనైనా కోర్టుకి ఈడ్వవచ్చేమోనని. "అందరికీ తెలిసిన పద్ధతి గదండీ, ఎవరైనా చేసుకోవచ్చంట" అన్నాడు గుమాస్తా నసుగుతూ. ఫ్రేము మాత్రం మళ్లీ మేకుకి తగిలించారు.

చౌడేశ్వరికీ మిగిలిందేం లేదు. తను కనిపెట్టిన పెట్టె గవర్నమెంటు రికార్డులో తనకు ఆరేళ్ల వయసప్పటిది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా స్క్రూడ్రైవరు కాస్త గట్టిగా తిరిగేది. పడవల బ్యాటరీలు మాత్రం వరసగా వస్తున్నాయి.

ఆ శీతాకాలం చల్లపల్లిలో సువార్త సభలకి మైకులు పెట్టడానికి సొలొమోను వచ్చాడు. బ్యాటరీ దిగిపోయి, మోయించుకుంటూ షాపుకొచ్చి, పెట్టె ముందు నిలబడిపోయాడు. పెట్టె టక్కుమని ఆగింది, చూసుకుంది, మళ్లీ మొదలెట్టింది.

"భలే పెట్టెనమ్మా! దానంతటదే ఆగుద్దే! నా జన్మలో ఇట్టాంటిది చూళ్లేదు."

"చూశారు సొలొమోను గారూ. యాభై ఎనిమిది నుంచీ మీ కళ్లముందే ఉంది. ప్రమాణం చేసి సంతకం కూడా పెట్టారు."

సొలొమోను మెడలో తువ్వాలు సర్దుకున్నాడు. "అదా... టీ తాగించి పెట్టమన్నాడమ్మా. ఏం రాశారో చదవలేదు."

"నేను చదివానండీ" అంది చౌడేశ్వరి, అతని బ్యాటరీ మూతలు విప్పుతూ. "కూర్చోండి, టైము పడుద్ది. ఇది ఉడకేసే షాపు కాదు."