యాభై మూడు పలికిన చోటు

వెండెల్ ఏ శనివారమైనా చేసే పనే ఆ శనివారం కూడా చేశాడు. ఫ్లాస్కు నిండా కాఫీ, కాగితంలో చుట్టిన గుడ్డు శాండ్‌విచ్ పక్కన పెట్టుకుని, పాత సంత మైదానం అంచున ట్రక్కు వెనక తలుపు దించి కూర్చున్నాడు. మెటల్ డిటెక్టర్ కొనకి, నేల మీద ఆడించే పెద్ద తీగచుట్ట విప్పి అరచేతంత చిన్నది బిగించాడు. చెత్త నేల మీద పెద్ద చుట్ట ఒకేసారి పది వస్తువుల్ని చూసి ఏదీ తేల్చుకోలేక తికమకపడుతుంది. మిషన్ మరీ ఉలిక్కిపడకుండా శక్తి రెండు మెట్లు తగ్గించాడు. మేకు పక్కన నక్కిన నాణెం విడిగా వినపడాలని అది స్పందించే వేగం పెంచాడు. ఆఖర్న, లోహాన్ని బట్టి మిషన్ తెర మీద చూపే అంకెల్లో అరవై లోపువాటి నోరు, ముప్పై ఒక్క ఏళ్లుగా చేస్తున్నట్టే, నొక్కేశాడు.

నిజంగానే నోరు నొక్కడం అది. ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో మట్టిలో పడ్డ లోహం మాట్లాడుతుంది. ఎవరి చేతిలోంచి జారితే వాళ్ల గొంతుతో, జారిన క్షణాన వాళ్లు అన్న మాటనే హెడ్‌ఫోన్లలో పలుకుతుంది. పైకి తీశామా, మరి నోరెత్తదు. ఊరి నీళ్లలో సున్నం ఎక్కువని ఎవరూ ఆశ్చర్యపోనట్టే దీనికీ ఎవరూ ఆశ్చర్యపోరు.

వెండి నాణేలు ఎనభై పైన, మర్యాదగా పలుకుతాయి. "రెండు నిమ్మరసాలివ్వమ్మా" అనో, "రంగులరాట్నం ఇంకొక్కసారి నాన్నా" అనో అంటాయి. వడ్రంగుల మేకులు అడుగున ఎక్కడో గొణుక్కుంటాయి. వెండెల్‌కి ఒళ్లుమండేది మాత్రం యాభైల్లో పలికే బీరు డబ్బాల రింగులంటే. యాభై ఏళ్ల నాటి త్రేన్పులు, బూతులు, పక్కవాడి పెళ్లాం మీద వేసిన పాచి జోకులు. పెద్దమనిషినన్న అభిమానం అతనికి కాస్త ఎక్కువే.

"ఇవాళ కూడా చెవుల్లో దూదేనా?" అంది ఫేయ్. ఊళ్లో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఏ చప్పుడు వచ్చినా తవ్వుతుంది.

"తాగుబోతుల గోల నువ్వు విను. నాకు వెండి చాలు."

"ఆడవాళ్ల సన్న ఉంగరం కూడా యాభైల్లోనే కదయ్యా పలికేది. ఈ మైదానంలోనే ఏడు తీశాను."

"ఒక్క ఉంగరం కోసం రెండొందల రింగులు తవ్వే ఓపిక నాకు లేదు ఫేయ్."

"ఎల్లుండి సోమవారం ఈ మైదానమంతా తారు పోస్తున్నారు. ఆ తర్వాత ఓపిక ఉండీ ఏం లాభం?" అంటూ ఆవిడ అవతలి కంచె వైపు వెళ్లిపోయింది.

ఉంగరం మాట వచ్చినప్పుడల్లా వెండెల్ మొహం మాడిపోతుంది. డెబ్భై ఒకటో సంవత్సరం సంతలో అతని తల్లి ఓపల్ పెళ్లి ఉంగరం మాయమైంది. దాన్ని అమ్మి పరుగు పందెం గుర్రంలో వాటా కొందామని తండ్రి ఆ వారమంతా కాచుకుని ఉన్నాడు. రాయిస్ తీశాడంది తల్లి. రాయిస్ వెండెల్ తమ్ముడు, అప్పటికి పదమూడేళ్లవాడు. నేను కాదంటే కాదని ఏడ్చాడు. తండ్రి బెల్టు విప్పాడు. ఆనక బడి మానిపించి మామయ్య పందుల ఫారానికి తోలేశారు. తల్లి పోయిన రోజు రాయిస్ శవాన్ని చూడ్డానికి వస్తే, వెండెల్ తలుపుకి అడ్డంగా నిలబడి "దొంగలకి ఇక్కడ పని లేదు" అన్నాడు. ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య పదకొండు మైళ్ల దూరమే ఉన్నా మాటల్లేవు.

మధ్యాహ్నం దాకా ఒక్క నాణెం పలకలేదు. మైదానంలోని వెండిని ఇన్నేళ్లలో అతనే ఊడ్చేశాడు మరి. శాండ్‌విచ్ తినేసి, ఎలాగూ చివరి రోజే కదా అని విసుక్కుంటూ మూసిన అంకెలన్నీ తెరిచాడు. త్రేన్పులు, బూతులు మీద పడ్డాయి. పళ్లు బిగబట్టి ఒకప్పుడు మిఠాయిల డేరా ఉన్న మూల దాకా నడిచాడు. అక్కడ తెర మీద యాభై మూడు వెలిగింది.

"ఆయనకి మాత్రం దొరక్కూడదు దేవుడా," అంది అతని తల్లి. "అడిగితే రాయిస్ తీశాడంటాను. చిన్నవాడు, నాలుగు దెబ్బలు తిని మర్చిపోతాడు."

వెండెల్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. తవ్వుడు కత్తి తీసి మట్టిలో దించబోయి ఆగాడు. పైకి తీస్తే అమ్మ నోరు పడిపోతుంది. కత్తిని అక్కడే గుర్తుగా నాటి, ఫేయ్‌ని కాపలా ఉండమని బతిమాలి ట్రక్కెక్కాడు.

రాయిస్ రేకుల ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుకి గొట్టం, పక్కన చక్రాల ఆక్సిజన్ సిలిండర్.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదు. నువ్వొకసారి రావాలి. అమ్మ మాట్లాడుతోంది."

"దేంట్లోంచి?"

"ఉంగరంలోంచి."

రాయిస్ సిలిండర్ పట్టుకుని లేచాడు.

మైదానంలో వాళ్లిద్దర్నీ చూసి ఫేయ్ దూరం జరిగింది. రాయిస్ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వెండెల్ అతని పక్కనే నిలబడి చుట్టని మూడుసార్లు ఆ చోటు మీద ఆడించాడు. మూడుసార్లూ రాయిస్ కళ్లు మూసుకునే విన్నాడు.

"ఎంత మీద పలుకుతోంది?"

"యాభై మూడు."

"నువ్వు ఎంత దాకా మూసేవాడివి?"

"అరవై."

"ఎన్నేళ్లు?"

"ముప్పై ఒకటి," అన్నాడు వెండెల్. అక్కడికి మూడడుగుల దూరంలోనే అతనికి తొంభై ఎనిమిదో సంవత్సరంలో వెండి అర డాలరు దొరికింది. పేపర్లో ఫొటో కూడా వేశారు. ఆ నాణేన్ని ఇప్పటికీ తాళాల గుత్తికి తగిలించుకుని తిరుగుతున్నాడు.

రాయిస్ నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ తెగలేదు.

"ఆ రోజు తలుపు దగ్గర నేను అన్నమాట..." అంటూ వెండెల్ మొదలుపెట్టాడు.

"ఆ రోజు కొత్త చొక్కా కొనుక్కుని వచ్చాను," అన్నాడు రాయిస్. "అమ్మకి నీలం ఇష్టమని."

"తవ్వకుండా ఉంచుదాం. చర్చి వాళ్లనీ, చుట్టాలనీ అందర్నీ రేపు పిలుస్తాను. అందరూ తమ చెవుల్తో వినాలి," అన్నాడు వెండెల్.

రాయిస్ వంగి కత్తి అందుకున్నాడు. ఆయాసపడుతూనే నాలుగు పోట్లు పొడిచి మట్టి పెళ్ల లేపాడు. వెండెల్ చేతిలో మిషన్ ఇంకా ఆ చోటు మీదే ఉంది. రాయిస్ చెవుల మీది హెడ్‌ఫోన్లలో తల్లి గొంతు "చిన్నవాడు" దగ్గర తెగిపోయింది. రాయిస్ ఉంగరాన్ని బొటనవేలితో తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"దీనికి పడాల్సిన దెబ్బలన్నీ నేనే పడ్డాను. కాబట్టి ఇది నాదే. వెళ్లి చెప్పు అందరికీ, రాయిస్ తీశాడని. ఈసారి అబద్ధం కాదు."

హెడ్‌ఫోన్లు అన్న చేతిలో పెట్టి, సిలిండర్ ఈడ్చుకుంటూ ఫేయ్ దగ్గరికి వెళ్లి, తనని ఇంటి దగ్గర దింపమని అడిగాడు.

వాళ్ల కారు మలుపు తిరిగేదాకా వెండెల్ కదల్లేదు. తర్వాత తాళాల గుత్తిలోంచి అర డాలరు విప్పి గుంటలో వేస్తూ, "నా తమ్ముడు దొంగ కాదు," అన్నాడు. మట్టి కప్పి చేత్తో అదిమాడు. సోమవారం పొద్దున్నే దాని మీద తారు పోశారు.