తలుపు కింద చెక్కముక్క

బకెట్టులో మిగిలిన నీళ్ళను దియొలిండా ఒక్క విసురున గుండ్రాళ్ళ నేలమీద పరిచింది. నీళ్ళు నడవ మధ్యనున్న గాడిలోకి జారి, చీకటి కమాను కిందుగా, బావిగట్టు పక్కగా, అవతల సోన్ నది గట్టుకు తెరుచుకునే తలుపుదాకా పారాయి. ఆ పారకం ఆగేవరకూ ఆమె నడుము మీద చేయి పెట్టుకుని చూసింది. తరవాత ఏప్రన్ జేబులోంచి చెక్కముక్క తీసి, వీధి తలుపు కింద పెట్టి, మడమతో రెండు తన్నులు తన్నింది. బరువైన ఓక్ తలుపు మూలిగి, గోడకు ఆనుకుని నిలిచిపోయింది. లియోన్ పాతబస్తీలో ఆ ఇంటి కడుపులోంచి వీధికీ నదికీ మధ్య పోయే దారి ఆ రోజుకు తెరుచుకుంది.

చెక్కముక్క అక్రోటు కర్రది. విరిగిన మగ్గపు దూలంలోంచి ఆమె భర్త అర్మిందు చెక్కి ఇచ్చాడు. ప్రతి సాయంత్రం దాన్ని సుత్తితో ఊడగొట్టి, తలుపు వేసి, తన గదిలో పొయ్యి పక్కన ఆరబెట్టడం ఆమె అలవాటు. తడి రాళ్ళమీద రాత్రంతా వదిలేస్తే అది ఉబ్బి బిగుసుకుపోతుంది. ఒకసారి జ్వరంలో మరిచిపోతే మర్నాడు అర్మిందు ఉలి పట్టవలసివచ్చింది. తలుపు అంచున ఆ ఉలి గాటు ఇంకా ఉంది. అర్మిందు లేడు.

ఆ ఇంటికి కాపలామనిషి ఆమె. పొట్టి మనిషి. భుజాలు మాత్రం మోతగాడివి. బ్లీచింగు నీళ్ళకు వేలి కణుపులు చిట్లి, గీతలు తెల్లగా మిగిలాయి. చీలమండలు ఉన్ని మేజోళ్ళలో రొట్టెపిండిలా ఉబ్బి ఉంటాయి. ఆ ఉదయం ఎడమ చేయి బరువుగా తోచడంతో బకెట్టును కుడిచేతికి మార్చుకుంది. అంతకుమించి దానిగురించి ఆలోచించలేదు.

మెలికల మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. ఫిర్మాన్ దిగుతున్నాడు. అచ్చుయంత్రాల దగ్గర బతుకంతా గడిపి రెండో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ముసలివాడు. ఆ ఇంట్లో నిజంగా నివసించేవాళ్ళు ఇప్పుడు ఆ ఇద్దరే. మిగిలిన అంతస్తులన్నీ రోజుల లెక్కన అద్దెకు పోతున్నాయి. వాటిలో మనుషులకన్నా చక్రాల పెట్టెలు ఎక్కువ మాట్లాడతాయి.

"ఇవ్వాళే కదూ?" అన్నాడు ఫిర్మాన్, తెరిచిన తలుపును చూస్తూ.

"ఇవ్వాళే. మధ్యాహ్నం తాళాలవాడు వస్తాడట. సాయంత్రం నుంచి అంకెలు నొక్కితేనే తెరుచుకుంటుంది. అద్దెకున్నవాళ్ళకీ, టిక్కెట్టు కొన్న గుంపులకీ మాత్రమే చెబుతారట ఆ అంకెలు."

"మరి వీధిలోంచి వచ్చి నేను గట్టు మీదికి ఎలా పోను? చుట్టూ తిరిగితే నా మోకాళ్ళు ఊరుకోవు."

"మీకూ చెబుతార్లెండి. మీరు మర్చిపోతారు."

ఫిర్మాన్ నవ్వాడు. "ఒక్కటే దారుంది మదాం లిండా. ఇంట్లో ఎవరో ఒకరు పోవాలి. శవం గడప దాటేదాకా రెండు తలుపులూ వేయకూడదుగా."

అది ఆ ఇంటి కట్టుబాటు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అర్మిందు పోయినప్పుడు రాత్రుళ్ళు కూడా తలుపులు బార్లా ఉన్నాయి. టూరిస్టులు సైతం కారణం తెలియకుండానే టోపీలు తీసి నడిచారు.

"అయితే పోండి. వయసులో మీరే పెద్ద," అంది దియొలిండా.

"రేపు పళ్ళ డాక్టరు దగ్గర పనుంది. లేకపోతే చూసేవాణ్ణి."

కర్ర టకటకలాడించుకుంటూ అతడు నది వైపు వెళ్ళిపోయాడు.

కాస్త పొద్దెక్కాక తొలి గుంపు వచ్చింది. ముందు క్లోథిల్డ్, చేతిలో ఎర్ర గొడుగు. రోజూ వచ్చే గైడు పిల్ల. గొంతు కమాను కింద గంటలా మోగుతుంది. వెనక పాతికమంది తలలు పైకెత్తి, గులాబీరంగు గోపురాన్నీ మెట్ల వరసల్నీ ఫోన్లకు అప్పజెబుతున్నారు.

"గొంతు తగ్గించు తల్లీ! పైన మనుషులున్నారు," అని దియొలిండా అరిచింది.

"ఎవరున్నారు మదాం? పైనున్నవాళ్ళు కూడా నా వెనకే ఉన్నారు!"

గుంపు నవ్వింది. ఒకాయన దియొలిండా ముఖానికి ఫోను ఎత్తాడు. ఆమె పారిపోలేదు, నవ్వలేదు, చీపురు దించలేదు. అతడి కళ్ళలోకి సూటిగా చూస్తూ నిలబడింది. కాసేపటికి అతడే ఫోను దించి, ఏదో గొణిగి, బావిని ఫొటో తీసుకున్నాడు.

వాళ్ళంటే ఆమెకు ప్రేమ లేదు. బిస్కట్టు కాగితాలు బావిలో పడేసేది వాళ్ళే, మెట్లరాతి మీద పేర్లు గీకేదీ వాళ్ళే. వాళ్ళను తిట్టే హక్కును ఆమె ఏనాడూ వదులుకోలేదు. కానీ తిట్టడం వేరు, తలుపు మూయడం వేరు. ఈ తేడా ఇల్లు కొన్నవాళ్ళకు ఎందుకు తెలియదో ఆమెకు అర్థమయ్యేది కాదు. పోర్చుగల్ నుంచి కొండలు దాటి ఈ ఊళ్ళో దిగిన రోజు వాన. భాష రాదు. ఒక తలుపు తెరిచి ఉంటే లోపలికి వచ్చి, ఈ మెట్లలో చిట్టచివరి దానిమీద కూర్చుని తడిసిన రొట్టె తింది. పైనుంచి దిగిన ఒకావిడ ఆమెను చూసి, "క్షమించండి" అని పక్కనుంచి తప్పుకుని వెళ్ళింది. ఆ మాటకు అర్థం తరవాతెప్పుడో తెలిసింది. ఆ నగరంలో ఆ రోజు ఆమెను నువ్వెవరని అడగని చోటు అదొక్కటే.

భోజనాల వేళ దాటాక యజమానుల సంఘం పెద్ద వాల్‌బెర్ వచ్చాడు. ఆయన వెంట పనిసంచీతో తాళాలవాడు. వాల్‌బెర్ బూట్లలో నడవ కమాను తలకిందులుగా కనిపిస్తోంది.

"నెలాఖరుకి మీరు ఎలాగూ విశ్రాంతి తీసుకుంటున్నారు మదాం. మీ సేవల్ని మేమెవరమూ మరవం. ఒక చిన్న విందు కూడా అనుకుంటున్నాం. ఇక ఈ ఇంటికీ కాస్త ప్రశాంతత కావాలి కదా."

"మీరు ఈ ఇంట్లో ఎప్పుడైనా పడుకున్నారా, మెస్యూ?"

"నేనా? లేదు."

"మరి ప్రశాంతత ఎవరికి? పెట్టెలకా?"

తాళాలవాడు సంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. వాల్‌బెర్ చిరునవ్వు చెక్కు చెదరలేదు. సాయంత్రం ఆరింటికి వచ్చి తానే మొదటిసారి మూసి చూస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

దియొలిండా గదిలోంచి వెదురు కుర్చీ తెచ్చి, సరిగ్గా గడప దగ్గర, తలుపుకు వీపు ఆనేలా వేసుకుంది. ఒళ్ళో పచ్చి బఠాణీల గిన్నె.

"మదాం, నన్ను పని చేసుకోనివ్వండి," అన్నాడు తాళాలవాడు.

"చేసుకో నాయనా. తాళం బిగించడానికి తలుపు మూయక్కర్లేదుగా."

"చివర్లో ఒకసారి మూసి చూడాలి."

"చివర సంగతి చివర చూద్దాం. ఈ చెక్క తీసేది నేనే. నేను లేవను."

అతడు నవ్వి పని మొదలుపెట్టాడు. రంధ్రం తొలిచినప్పుడు రాలిన ఓక్ పొట్టు ఆమె భుజం మీద పడింది. ఆమె దులుపుకోలేదు. బఠాణీలు ఒలుస్తూ, వచ్చేపోయే ప్రతి ఒక్కరినీ ఎప్పటిలాగే పలకరించింది. "కాళ్ళు తుడుచుకో." "జారుతుంది, చూసుకో." "అటు కాదు, నది ఇటు." ఎప్పుడో ఒకప్పుడు ఆ మాటలు ఆగిపోయాయి. డ్రిల్లు చప్పుడులో అతడు గమనించలేదు.

క్లోథిల్డ్ చివరి గుంపుతో వచ్చింది. తల తలుపుకు వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్న దియొలిండాను చూసి నోటిమీద వేలు పెట్టుకుంది. అన్నేళ్ళలో మొదటిసారి గొంతు తగ్గించింది. పాతికమంది మునివేళ్ళమీద నడిచి ఆమెను దాటారు.

ఆరింటికి వాల్‌బెర్ వచ్చేసరికి, గట్టు వైపునుంచి తిరిగి వచ్చిన ఫిర్మాన్ ఆమె చేయి పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేయి చల్లగా ఉంది. వేళ్ళ మధ్య సగం విప్పిన బఠాణీకాయ.

వాల్‌బెర్ వీధి వైపు ఒకసారి తిరిగి చూశాడు. "ముందు ఆమెను లోపలికి చేర్చి తలుపు వేయండి. వీధిలో జనం చూస్తున్నారు," అన్నాడు.

"ఇంట్లో శవం ఉంది, మెస్యూ. తలుపు వేయరు," అన్నాడు ఫిర్మాన్.

"ఇప్పుడు ఆ పాత ఆచారాలు…"

తాళాలవాడు టోపీ తీశాడు. పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి, తొందరపడకుండా సంచీలో సర్దుకున్నాడు.

రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. రాత్రి వాన జల్లు వీధిలోంచి లోపలికి కొట్టింది. పాలమనిషి నడిచాడు, స్కూలు పిల్లలు నడిచారు, టిక్కెట్టు లేనివాళ్ళందరూ నడిచారు. ఫిర్మాన్ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. మూడోనాడు శవపేటికను గుండ్రాళ్ళ మీదుగా నది వైపు తలుపులోంచి తీసుకువెళ్ళారు.

అది గట్టు ఎక్కీ ఎక్కకముందే వాల్‌బెర్ వీధి తలుపు దగ్గరికి వచ్చాడు. చెక్కముక్కను బూటు మొనతో నెట్టాడు. కదల్లేదు. వంగి చేత్తో లాగాడు. చివరికి తాళాలవాణ్ణి పిలిపించాడు.

అతడు మోకాళ్ళమీద కూర్చుని, చెక్కనూ, పక్కనున్న పాత ఉలి గాటునూ వేలితో తడిమి చూశాడు.

"తడికి ఉబ్బిపోయింది. తీయాలంటే ఉలి పెట్టాలి. ఉలి పెడితే తలుపు అంచు పోతుంది. ఇది రక్షిత కట్టడం. మీకు తాళానికి అనుమతి ఉంది మెస్యూ, ఉలికి లేదు."

"అయితే అనుమతి ఎప్పటికి వస్తుంది?"

"అది నన్నడిగితే ఎలా?" అంటూ అతడు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

కొత్త తాళం మీద పచ్చ దీపం వెలిగి ఆరుతూ ఉంది. దాని కింద, తడి రాయికీ ఓక్ అంచుకూ నడుమ, మడమ తన్నులకు ఒక కొస గుంటపడిన అక్రోటు చెక్కముక్క నల్లగా, నిండుగా, బిగుసుకుని కూర్చుంది.